తిరగని బండికి తిరుగులేదట!

అమెరికాలో సెకండ్ హ్యాండ్ లగ్జరీ మోటర్‌హోమ్‌లు అమ్మేవాళ్ల ప్రకటనలు ఓ నాలుగు వరసగా చదవండి. బండి గురించి తెలిసేది తక్కువే గానీ, ఏ పనీ చేయకుండా కూర్చున్నదాన్ని మనిషి ఎంత నోరారా పొగడగలడో తెలిసొస్తుంది. పద్దెనిమిదేళ్లలో ముప్ఫై వేల మైళ్లే తిరిగిందట. ఎండావానా ఎరగకుండా షెడ్డులోనే పెరిగిందట. ఇందులో ఎవరూ కాపురం ఉండలేదట. అన్నిటికన్నా పెద్ద బిరుదు, పొయ్యి ఒక్కసారి కూడా వెలిగించలేదట! బండన్నది తిరగడానికి, ఇల్లన్నది ఉండడానికి, పొయ్యన్నది వండడానికి. ఈ మూడింటిలో ఏ ఒక్కటీ చేసిన పాపాన పోలేదు కాబట్టి దీనికి లక్షన్నర డాలర్లు ఇచ్చుకోవాలి. దేశమంతా చుట్టి రావాలని బండి వెతుక్కునే పెద్దమనిషి, ఇది ఇంతవరకు ఎక్కడికీ పోలేదని విని ఉబ్బితబ్బిబ్బవుతాడు.

ముందు సరుకు సంగతి చెప్పాలి. నలభై నుంచి నలభై అయిదు అడుగుల పొడవు. వెనక భాగంలో కమిన్స్‌దో క్యాటర్‌పిల్లర్‌దో పెద్ద డీజిల్ ఇంజను, దానికి ఆలిసన్ గేర్‌బాక్సు. ఆగినచోట మీట నొక్కితే గోడలు పక్కకు జరిగి హాలు వెడల్పవుతుంది. గ్రానైట్ గట్టు, బట్టలుతికే యంత్రం, నారింజరంగు బల్బుతో మండినట్టు నటించే చలిమంట. వీటిలో మహారాజులాంటివి ప్రెవో బస్సు మీద కట్టినవి. కెనడాలోని క్యూబెక్‌లో ఆ కంపెనీ పెట్టిన యూజీన్ ప్రెవో చర్చిలకు బల్లలు చేసిన వడ్రంగి. 1924లో ట్రక్కు చాసిస్ మీద చెక్కతో ఓ బస్సు కట్టిపెట్టమంటే కట్టాడు. ఇప్పుడు ఆ కంపెనీ బస్సు డొల్లను తీసుకెళ్లి ఒరెగాన్‌లోని మారథాన్ లాంటి సంస్థలు లోపల భవనం దించుతాయి. కొత్తది కావాలంటే ఇరవై లక్షల డాలర్లు దాటుతుంది. మన కథానాయకుడు అంత దూరం పోడు. ఆయనకు కావలసింది ఆ వైభవం, పాత ధరలో.

అక్కడే మొదటి మంత్రం పనిచేస్తుంది. "కొత్తలో ఎనిమిది లక్షలు, ఇప్పుడు లక్షన్నర!" వినగానే ఆరున్నర లక్షలు మిగిలినట్టు లెక్క తేలిపోతుంది. ఆ ఆరున్నర లక్షలు మొదటి ఓనరు జేబులోంచి ఎప్పుడో పోయాయి, వాటిలో ఒక్క డాలరైనా మన జేబులో పడలేదు. పైగా బండి ధర పడిపోయిందని దాని జబ్బుల ధర పడిపోదు. ముందు అద్దం బీటలిస్తే, బీటలిచ్చేది ఎనిమిది లక్షల బండి అద్దమే. డీజిల్‌తో నీళ్లూ గదులూ వేడిచేసే యంత్రం చెడిపోతే, బాగుచేసేవాడు "పాపం సెకండ్ హ్యాండులో కొన్నాడు" అని బిల్లులో అయిదో వంతు రాసుకోడు. మెయింటెనెన్సు ఎప్పుడూ కొత్త బండి హోదాలోనే ఉంటుంది.

అద్దం దొరికితే అదృష్టం. 2009 మార్చిలో మోటర్‌హోమ్‌లు చేసే మొనాకో, ఫ్లీట్‌వుడ్ రెండూ దివాలా పిటిషన్లు వేశాయి. కంట్రీ కోచ్ కూడా ఆ ఏడాదే దివాలా కోర్టులో పడింది. ఆ పేర్లు తర్వాత చేతులు మారాయి, కొన్ని మాయమయ్యాయి. 2005, 2007 మోడళ్లంటూ ఇవాళ తళతళలాడే బండ్లలో చాలావాటికి నుదుటి మీద పేరుంది గానీ, ఆ పేరు పెట్టిన సంస్థ ఆ రూపంలో లేదు. ఉన్నా ఒరిగేదేమిటి? ఇంజనొకరిది, గేర్‌బాక్సొకరిది, ఫ్రైట్‌లైనరో స్పార్టనో చాసిస్ ఇంకొకరిది, జనరేటరు వేరొకరిది, ఫ్రిజ్ మరొకరిది. కొత్తలోనే ఎవరి వారంటీ వాళ్లది. పత్రాల్లో కూడా ఈ ఉమ్మడి కుటుంబం తగాదా కనిపిస్తుంది. చాసిస్ పుట్టిన ఏడాది ఒకటి, దాని మీద ఇల్లు కట్టిన ఏడాది ఒకటి. ప్రకటనలో ఏది వేస్తారో చెప్పక్కర్లేదు.

రెండో మంత్రం "తక్కువ తిరిగింది." దీని మహిమ ముందు మొదటిది ఎందుకూ పనికిరాదు. కార్లకు చెల్లే ఈ మాటను తెచ్చి మోటర్‌హోమ్‌కు అతికించినవాడెవడో గానీ, మార్కెటింగులో మహానుభావుడు. లక్షల మైళ్లు ఏకధాటిగా నడవడానికి చేసిన డీజిల్ ఇంజనుకు ముప్ఫై వేల మైళ్లంటే ఒళ్లు కూడా వెచ్చబడని దూరం. నడిస్తే అరిగేవి ఈ బండిలో కొన్నే. నిలబెడితే చెడిపోయేవి లెక్కలేనన్ని. కిటికీల చుట్టూ, జరిగే గోడల చుట్టూ ఉండే రబ్బరు ఎండి పెళుసెక్కుతుంది. గాలితిత్తులు పగుళ్లిస్తాయి. బ్రేకులు తుప్పు పడతాయి. ట్యాంకులో మిగిలిన డీజిల్‌లో తేమ చేరి పాచి పడుతుంది. బ్యాటరీలు చచ్చిపోతాయి. ఎలుకలు వైర్లు కొరుక్కుని సంతానాభివృద్ధి చేసుకుంటాయి. "ఇందులో ఎవరూ కాపురం ఉండలేదు" అన్న వాక్యం ఎలుకలకు వర్తించదు.

జనరేటరు గంటల లెక్క ఇంకా అందం. పద్దెనిమిదేళ్లలో 180 గంటలే నడిచిందని ఒకాయన ప్రకటన వేశాడు, అదేదో మడి కట్టుకున్నట్టు. అలాంటి జనరేటర్లను నెలకు రెండు గంటలైనా, కనీసం సగం లోడు మీద, నడపమని తయారుచేసినవాళ్లే చెబుతారు, లేకపోతే పాడైపోతాయని. నెలకు రెండు గంటల చొప్పున పద్దెనిమిదేళ్లకు 432 గంటలు. ఆ 432 కేవలం దాన్ని బతికించుకోవడానికి పెట్టాల్సిన కసరత్తు, వాడకం అందులో లేదు. అంటే ఆయన ప్రకటనలో వేసుకున్నది తన నిర్లక్ష్యానికి తనే ఇచ్చుకున్న వాంగ్మూలం. చదివినవాళ్లు మాత్రం చప్పట్లు కొట్టారు.

మూడో మంత్రం "నిన్ననే ఆయిల్ మార్పించాం." ఇంత మర్యాదగా సాక్ష్యం మాయం చేయడం నేనెక్కడా చూడలేదు. ఇంజను ఆయిల్ చిన్న సీసాలో పట్టి ల్యాబుకు పంపితే, ఓ మోస్తరు హోటల్ భోజనం ఖర్చుతో దాని జాతకం చెప్పేస్తారు. ఇనుము ఎక్కువుంటే లోపల అరుగుదల, సోడియం, పొటాషియం కనిపిస్తే కూలెంట్ కలుస్తోందేమోనన్న అనుమానం, సిలికాన్ ఉంటే ధూళి చొరబడుతోందని. అదంతా పాత ఆయిల్‌లో ఉంటుంది. నిన్న పోసిన ఆయిల్ పసిపాపంత నిర్దోషి. కొనేవాడు మాత్రం "చూశావా, ఎంత శ్రద్ధో!" అని కళ్లొత్తుకుంటాడు.

మన తెలుగువాళ్లకు ఇంటిలాంటి బండి కొత్తేం కాదు. 1982లో ఎన్టీఆర్ ఓ షెవ్రోలే వ్యానును చైతన్య రథంగా మార్పించి, కొడుకు హరికృష్ణ స్టీరింగ్ పట్టుకోగా, తిండీ నిద్రా స్నానం అన్నీ దాంతోనే కానిచ్చి ఊరూరా తిరిగారు. 1983 జనవరికల్లా ముఖ్యమంత్రి అయ్యారు. ఆ బండి గురించి నలభై ఏళ్లుగా కథలు కథలుగా చెప్పుకుంటున్నాం, అన్నీ అది తిరిగిన తిరుగుడు గురించే. తక్కువ తిరిగిందని దాన్ని ఎవరైనా మెచ్చుకోగా విన్నారా? అలాంటి జాతివాళ్లం డాలస్ పొలిమేరకు చేరేసరికి, షెడ్డులో పడుకున్న రథానికి హారతి పట్టడం నేర్చుకున్నాం.

మా బావగారు ఆ హారతి పళ్లెం పట్టుకుని కొన్నాళ్లు తిరిగారు. ఆయన సామాన్యుడు కాదు. ఇండియన్ స్టోరులో బెండకాయలు కొనేటప్పుడు ఒక్కొక్కదాని తోక విరిచి చూసి, విరగనిదాన్ని పక్కన పారేసి, వెనక నిలబడ్డవాళ్ల శాపనార్థాలు చిరునవ్వుతో స్వీకరించే మనిషి. అలాంటాయన లక్షన్నర డాలర్ల బండెక్కి చేసిన పరీక్ష ఏమిటయ్యా అంటే, సోఫాలో కూర్చుని రెండుసార్లు ఎగిరి చూడటం. తర్వాత మీట నొక్కితే అల్మరాలోంచి టీవీ పైకి లేచింది. మళ్లీ నొక్కితే లోపలికి పోయింది. బావగారు ఇంకోసారి నొక్కారు. బేరం అక్కడే సగం తెగిపోయింది.

అమ్మే ఆయన రిటైరైన పెద్దమనిషి, మాట తేనె. బావగారు, అక్కయ్య, నేను కారు దిగేసరికే ఇంజను ఆడుతోంది. "మీకు ఇబ్బంది లేకుండా వేడి చేసి పెట్టాను" అన్నాడు. అతిథి మర్యాదంటే అదీ! డీజిల్ ఇంజను తన కష్టసుఖాలు చెప్పుకునేది పొద్దున్నే చల్లగా ఉండి మొదటిసారి తిప్పినప్పుడు. ఎంతసేపు మూలిగింది, తెల్లపొగ ఎంత కక్కింది, ఆ పొగ కాసేపటికి తగ్గిందా లేదా, బ్యాటరీలు తిప్పగలిగాయా. వేడెక్కాక అది కూడా ఓనరు లాగే తేనె మాటలే మాట్లాడుతుంది.

నేను కిందకి దూరాను. టైర్లు నల్లగా నిగనిగలాడుతున్నాయి, ఏదో నూనె పట్టించారు. గాళ్లు కొత్తవాటిలా లోతుగా ఉన్నాయి. ఉండక ఏం చేస్తాయి, తిరిగితేగా అరగడానికి! టైరు గోడ మీద డీ.ఓ.టీ. అన్న అక్షరాల వెంట ఓ వరస ఉంటుంది, దాని చివరి నాలుగు అంకెలే టైరు జన్మపత్రిక. మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. ఆ అంకెలు టైరుకు ఒక పక్కనే ఉంటాయి కాబట్టి చాలాసార్లు లోపలివైపుకు తిరిగి ఉంటాయి, అంటే కొత్త ప్యాంటు వేసుకొచ్చినవాడికి కనబడవు. ఫోన్ లైటు వేసి, వేలితో మట్టి తుడిస్తే 2413 అని తేలింది. 2013లో ఇరవై నాలుగో వారం. తిరిగినా తిరగకపోయినా పదేళ్లు దాటాక ఈ టైర్లను వాడొద్దనే కంపెనీలూ చెబుతాయి, జాగ్రత్తపరులు ఆరేడేళ్లకే మార్చేస్తారు. ఇలాంటివి ఈ బండికి ఎనిమిది. ముందు టైరు హైవే మీద పేలితే ఆ సోఫా, ఆ టీవీ, ఆ గ్రానైట్ గట్టు అన్నీ బావగారి వీపు వెనకే బయల్దేరతాయి.

"టైర్లు పాతవి బావగారూ" అన్నాను బయటికి వస్తూ.

"భలేవాడివే! గాళ్లు చూడవయ్యా, ఎంత లోతున్నాయో" అన్నారాయన. అమ్మే ఆయన తెలుగు రాకపోయినా తల ఊపాడు.

అసలైన తనిఖీ చేసింది అక్కయ్య. ఎక్కగానే "దాల్చినచెక్క వాసనెందుకొస్తోంది?" అంది. బండి నిండా సువాసన ఉండలు పెట్టారు. సువాసన ఉందంటే దాని కింద ఇంకో వాసన ఉందని వంటింట్లో పాతికేళ్లు గడిపినవాళ్లకు ఒకరు చెప్పాలా? తిన్నగా వెళ్లి పడకగదిలో పై అల్మరా తెరిచి, మూలకి చెయ్యి పెట్టి బొటనవేలితో నొక్కింది. గోడకాగితం కింద చెక్క అప్పడంలా లోపలికి దిగింది. పైకప్పులో ఎక్కడో సీలు విడిపోయి, నీళ్లు దారి వెతుక్కుంటూ అక్కడికి చేరాయి. నీటి మచ్చ కనిపించినచోట కన్నం ఉండాలన్న నియమం లేదు. అది నాలుగడుగుల అవతలా ఉండొచ్చు. బయటికొచ్చి బండి పక్క గోడకు చెంప ఆనించినంత దగ్గరగా నిలబడి పొడవునా చూస్తే, ఏటవాలు ఎండలో ఫైబర్‌గ్లాస్ మీద బుడిపెలు బుడిపెలుగా ఉబ్బు కనిపించింది. లోపల తడికి జిగురు ఊడి పొరలు విడిపోతే అలా తేలుతుంది. ఎదురుగా నిలబడి చూస్తే నున్నటి గోడే, రంగు అద్దంలా ఉంటుంది.

"అదా? ఎప్పుడో బాగుచేయించాం" అన్నాడాయన. ఏం బాగుచేయించారో, ఎవరు చేశారో రసీదు అడిగితే వెతకాలన్నాడు. వాష్‌రూములో సబ్బు ఎక్కడుందో కూడా ఫైలులో రాసిపెట్టుకున్న మనిషి.

అక్కయ్య పొయ్యి చూసి ఇంకో ప్రశ్న వేసింది. "ఇందులో పోపు పెడితే పొగ ఎటు పోతుంది?" ఆయనకు ఇంగ్లిషులో వివరించడానికి బావగారు సిగ్గుపడ్డారు. పద్దెనిమిదేళ్లు కన్నెగా ఉన్న ఆ పొయ్యికి కూడా సమాధానం తెలిసే అవకాశం లేదు.

ఇలాంటి బండికి డబ్బిచ్చి పరీక్ష చేయించుకోవచ్చు. ఎన్.ఆర్.వి.ఐ.ఎ. అనే సంఘం సర్టిఫికెట్ పొందిన ఇన్‌స్పెక్టర్లు ఉన్నారు. తేమ కొలిచే పరికరంతో గోడలు తడిమి, పైకప్పు ఎక్కి, ఫొటోలతో నివేదిక ఇస్తారు. ఇంజను, బ్రేకుల సంగతి వేరుగా ట్రక్కు మెకానిక్కుకు చూపించాలి. గాలి బ్రేకులకైతే పరీక్ష చాలా సులువు. పూర్తి ఒత్తిడి ఎక్కించి, ఇంజను ఆపి, బ్రేకు తొక్కిపట్టి గడియారం చూస్తూ కూర్చోవాలి. నిమిషంలో 3 పి.ఎస్.ఐ. మించి గాలి పోతే ఎక్కడో లీకున్నట్టు. టీవీని లేపి దించిన సమయంలో ఈ పని అయిపోయేది. కానీ పెద్ద తనిఖీకి వెయ్యి డాలర్లు దాటవచ్చనేసరికి మనవాళ్లు ఉలిక్కిపడతారు. "అంత దండగెందుకు, మన ఫ్రెండుకు కార్ల గురించి బాగా తెలుసు" అంటారు. ఆ ఫ్రెండు టెస్లా నడుపుతుంటాడు.

దండగ మాట వచ్చింది కాబట్టి ఎక్సెల్ షీటు గురించి కూడా చెప్పాలి. ప్రతి తెలుగు ఇంట్లో మోటర్‌హోమ్ ముందు ఎక్సెల్‌లోనే పుడుతుంది. రాత్రికి హోటలింత, ఏడాదికిన్ని రాత్రులు, మిగులింత. డీజిల్ వరస దగ్గర మాత్రం ఎందుకో వేళ్లు వణుకుతాయి, లీటరుకు మూడు కిలోమీటర్లొస్తే మహాభాగ్యం మరి. ఇల్లులాంటిదే కదా అని ఇరవయ్యేళ్ల అప్పు దొరుకుతుంది. పడక, వంట, మరుగుదొడ్డి మూడూ ఉంటే అమెరికా ఆదాయపు పన్ను శాఖ కూడా దాన్ని ఇల్లే అంటుంది, రెండో ఇంటి కింద వడ్డీ మినహాయింపు అడగొచ్చు. అయితే ఆ ఇంటిని మన అసలింటి ముందు పెట్టుకోవడానికి చాలాచోట్ల కాలనీ సంఘం ఒప్పుకోదు. నెలనెలా అద్దె కట్టి ఊరి బయట యార్డులో పెట్టాలి. టెక్సాస్‌లో 26,000 పౌండ్లు దాటిన బండికి మామూలు లైసెన్సు చాలదు, క్లాస్ బి పరీక్ష రాయాలి. దానికి తీరిక దొరికేదాకా బండి యార్డులోనే ఉంటుంది. మోటర్‌హోమ్‌లు ఆపుకునే కొన్ని ఖరీదైన పార్కులు పదేళ్లు దాటిన బండ్లను గేటు దగ్గరే ఆపి, ఫొటోలు పంపితే ఆలోచిస్తామంటాయి. ఎల్లోస్టోన్‌కు పిల్లల సెలవులు కుదిరితే పెద్దవాళ్ల సెలవులు కుదరవు. రెండేళ్లకు ఓడోమీటరు మీద పదకొండు వందల మైళ్లు చేరతాయి, వాటిలో సగం సర్వీసు సెంటరుకు పోయొచ్చినవి. ఆ యజమానే పొద్దున్నే కాఫీ తాగుతూ ప్రకటన రాసుకుంటాడు, తక్కువ తిరిగిందని. ఇందులో అబద్ధమేమీ లేదు, అదే ఈ వ్యాపారంలో గొప్పతనం.

ఆ రోజు బావగారు ఆఖరి అస్త్రంగా బేరమాడారు. టైర్ల కోసం కాస్త తగ్గించమన్నారు. అక్కయ్య చూపించిన మూల గురించి మాత్రం నోరెత్తలేదు, అమ్మే ఆయన్ని నొప్పించడం ఇష్టం లేక! పెద్దమనిషి నవ్వుతూనే తల అడ్డంగా ఊపాడు. ఈ ధరకు ఇలాంటిది దొరకదన్నాడు, కొత్తలో ఎనిమిది లక్షలని మరోసారి గుర్తుచేశాడు. బావగారు ఆలోచించుకుని ఫోన్ చేస్తానన్నారు. అక్కయ్య అప్పటికే కారెక్కి సీటు బెల్టు పెట్టేసుకుంది.

మేం కదులుతుండగా ఆయన గడియారం చూసుకున్నాడు. నాలుగింటికి ఆస్టిన్ నుంచి ఇంకో పార్టీ వస్తోందట. వాళ్లకూ ఇబ్బంది కలగకూడదని, లోపలికెళ్లి ఇంజను మళ్లీ స్టార్ట్ చేశాడు.